టర్బో కారుకు టైర్లు, చక్రాలు, స్ప్రింగులు : ఒక పరిశీలన

(ద్వితీయ బి.ఎస్సీ. విద్యార్థి, చిట్టమూరు)

నలుగురు విద్యార్థులు చేరి కారును గురించి మాట్లాడుకునే చోట మొదట వినబడే ప్రశ్న "ఎంత లాగుతుంది?" అన్నదే. ఇంజను ఎంత లాగినా ఆ లాగుడు నేలకు చేరవలసినది టైర్ల ద్వారానే గదా! ఆ టైర్లు నేలను తాకే జాగా ఎంత అని అడిగేవారు మాత్రం అరుదు. ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టి, టర్బో ఇంజను గల కారుకు టైర్లు, చక్రాలు, స్ప్రింగులు ఏ లెక్కన ఎంచుకోవాలో నాకు తెలిసిన మేరకు ఈ వ్యాసంలో వివరిస్తాను. ఇందులోని భౌతికశాస్త్రం ఇంటర్మీడియట్ స్థాయి దాటదు. కాబట్టి ఆర్ట్సు మిత్రులు పేజీ తిప్పేయవద్దని మనవి.

నా మనసు ఈ విషయం మీదికి పోవడానికి కారణం మా బావ. మేనమామ కొడుకు. రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండులో 2013 నాటి స్విఫ్ట్ డీజిల్ కారు కొన్నాడు. మామకు మూత్రపిండాలు చెడి, వారానికి రెండుసార్లు నెల్లూరు తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. కారు అందుకే. అయితే వడ్లు అమ్మిన డబ్బు చేతికి రాగానే బావ అలంకారం మొదలుపెట్టాడు. 14 అంగుళాల ఇనుప చక్రాలు పీకించి 17 అంగుళాల అలాయ్ వీల్సు, వాటికి పల్చటి టైర్లు, కారు కిందికి దిగేలా పొట్టి స్ప్రింగులు. కార్తీక మాసపు వానలో, కోట దాటి గూడూరు పోయే దారిలో, నీళ్ళు నిండిన గుంతలో ముందు చక్రం పడింది. రిమ్ము వంగింది, టైరు పక్కగోడ చీలింది. వెనక సీటులో మామ. స్టెప్నీ వేసుకుందామంటే అది పాత 14 అంగుళాలది. ఎట్లాగో బిగించి, వంకరగా నడుపుకుంటూ రెండు గంటలు ఆలస్యంగా ఆసుపత్రి చేరాము. ఆ రెండు గంటలూ మామ ఒక్క మాట మాట్లాడలేదు.

ఇక లెక్కలోకి వద్దాం. ముందు చక్రాల మీద ఒక్కొక్కదానికి 325 కిలోల బరువు పడుతుందనుకుందాం, అనగా సుమారు 3,185 న్యూటన్లు. టైరులో గాలి 32 పౌండ్లు, అనగా చదరపు మీటరుకు 2,20,000 న్యూటన్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది సుమారు 145 చదరపు సెంటీమీటర్లు. చేయి చాపి చూసుకోండి, వేళ్ళతో సహా ఒక అరచెయ్యి. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, గట్టిగా తొక్కినా ఆ అరచెయ్యే భరించాలి.

టర్బో సంగతి. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లో పేటెంటు పొందిన ఊహ ఇది. వృథాగా పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీది మరో చక్రం ఇంజనులోకి గాలిని కుక్కుతుంది. ఎక్కువ గాలి చేరితే ఎక్కువ ఆయిలు మండుతుంది. మా బావ కారులో ఉన్నది ఫియట్ వారి 1248 సి.సి. మల్టీజెట్ ఇంజను. 2020 దాకా మన దేశంలో ఎన్నో కార్లలో ఇదే ఇంజను నడిచింది. దీని టార్కు 2,000 ఆర్.పి.ఎం. వద్ద 190 న్యూటన్-మీటర్లు. 1,500 లోపు మొద్దుగా ఉంటుంది, ఆపైన ఒక్కసారిగా కాడి తెంచుకున్న గిత్తలాగా లాగుతుంది. ప్రమాదం ఎక్కువగా ఆ "ఒక్కసారిగా"లోనే ఉన్నది. మలుపు మధ్యలో, తడి రోడ్డు మీద అది వచ్చిందంటే టైరు ఒకేసారి రెండు పనులు చేయాలి.

మొదటి గేరులో టార్కు దాదాపు 13 రెట్లవుతుంది. 190ని 13తో గుణించి, చక్రపు వ్యాసార్ధం 0.3 మీటర్లతో భాగిస్తే సుమారు 8,200 న్యూటన్ల లాగుడు వస్తుంది. రెండు ముందు టైర్లు కలిసి పొడి రోడ్డు మీద (ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే) పట్టగలిగినది 5,100. తడి రోడ్డు మీద (0.5 అనుకుంటే) 3,200 మాత్రమే. కంపెనీవాడు ఇచ్చిన బలమే టైరు పట్టుకు మించి ఉన్నదన్నమాట! కావున టర్బో కారుకు ఖర్చు పెట్టదలచినవాడు మొదట పెట్టవలసినది మంచి రబ్బరు మీద. చక్రపు అందం మీద కాదు.

టైరు మీద అంకెలు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్లే. 165/80 ఆర్ 14 అంటే వెడల్పు 165 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం (132 మి.మీ.), రిమ్ము 14 అంగుళాలు. మొత్తం వ్యాసం సుమారు 620 మి.మీ. బావ వేయించిన 205/45 ఆర్ 17 వ్యాసం 616. ఇంచుమించు అంతే, కాబట్టి స్పీడోమీటరు పెద్దగా తప్పదు. షాపువాడు కూడా అదే చెప్పి ఒప్పించాడు. కానీ పక్కగోడ 132 నుండి 92కు దిగింది. గుంతకూ రిమ్ముకూ మధ్య ఉన్న గాలి మెత్తలో నాలుగు సెంటీమీటర్లు పోయాయి.

మా తాతల నాటి ఎద్దుల బండికి కొయ్య చక్రం, దాని చుట్టూ ఇనుప పట్టా. తర్వాత టైరు బండి వచ్చింది, అదే జత ఎద్దులు ఎక్కువ బస్తాలు లాగాయి, ఇరుసు విరగడమూ తగ్గింది. బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువైద్యుడు 1888లో కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైరు తొడిగింది కూడా ఆ కుదుపు తగ్గించడానికే. పల్చటి టైరు కొనడమంటే డబ్బిచ్చి మళ్ళీ పట్టా బండి వైపు నడవడమే.

గాలి విషయంలో మన రైతుబిడ్డలు ఒక పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు టైరులో గాలి తగ్గిస్తే నేలమీద ఎక్కువ పరుచుకొని దిగబడదు గదా, కారుకూ వానాకాలం అట్లాగే చేద్దామనిపిస్తుంది. ఇది తప్పు. రోడ్డు మీద నీటిపొరను పక్కకు నెట్టవలసినది ఆ గాలి ఒత్తిడే. విమానం టైర్ల మీద పరిశోధన చేసి అమెరికాలో నాసా వారు 1960లలో ఒక సూత్రం కట్టారు. ఒత్తిడి (పౌండ్లలో) వర్గమూలాన్ని 9తో గుణిస్తే టైరు నీటి మీద తేలే వేగం నాట్లలో వస్తుంది. 32 పౌండ్లకు అది గంటకు సుమారు 94 కిలోమీటర్లు, 25 పౌండ్లకు 83. ఇవి ఉజ్జాయింపు అంకెలే. అరిగిన టైరు ఇంకా ముందే తేలుతుంది. గాళ్ళ మధ్యలో చిన్న దిమ్మెలు ఉంటాయి. రబ్బరు వాటితో సమానమైతే మిగిలిన లోతు 1.6 మి.మీ., ఇక మార్చవలసిందే. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ కూడా చూడాలి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. "కొత్త టైరు" అని పాతది అంటగట్టేవారు ఉన్నారు.

స్ప్రింగుల దగ్గరికి వస్తే, ఒక చక్రం మీద నిలిచే బాడీ బరువు 250 కిలోలు, స్ప్రింగు గట్టితనం మీటరుకు 16,000 న్యూటన్లు అనుకుందాం. బరువుకు స్ప్రింగు 15 సెం.మీ. కుంగుతుంది. సెకనుకు 1.27 సార్లు ఊగుతుంది, ఇది ప్రాణానికి సుఖమైన ఊపు. స్ప్రింగును రెట్టింపు గట్టి చేస్తే ఊపు 1.8 అవుతుంది. రేసు కారుకు అది కావాలి. ఇక్కడి నుండి మద్రాసు పోయే దారిలో షోళవరం ఉంది. అక్కడి పాత విమానాల రన్‌వే మీద 1950ల నుండి కార్ల రేసులు జరిగేవి. 1990 నుండి ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేక ట్రాక్ ఉన్నది. చదునైన ఆ నేలమీద కారు ఎంత కిందికి ఉంటే అంత నిలకడ. మన పంట కాలువల గట్ల మీది రోడ్డుకు ఆ లెక్క చెల్లదు. పొట్టి స్ప్రింగు వేసి పాత షాక్ అబ్సార్బర్లే ఉంచితే మరీ చెరుపు. ఊపును ఆర్పవలసిన నూనె పిస్టనుకు కదలడానికి జాగా మిగలదు, దెబ్బ తిన్నగా బాడీకీ ఆపైన కూర్చున్న మనిషి నడుముకూ తగులుతుంది.

చట్టం సంగతి కూడా ఒక్క మాట. కంపెనీ వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది.

ఇవన్నీ కాగితం మీద వేసి చూపిస్తే బావ మొదట నవ్వాడు. "ఏం అబ్బయా, మా నాయన్ను ఎక్కించుకొని లెక్కలతో పోదామా?" అన్నాడు. మరుసటి వారం తానే షాపుకు బయలుదేరాడు. ఆ కారులోనే పై మోడలుకు కంపెనీ ఇచ్చిన 185/65 ఆర్ 15 సైజు తీసుకున్నాము. వ్యాసం 621 మి.మీ., పక్కగోడ 120. వెడల్పూ దొరికింది, మెత్తా దొరికింది. గొడ్ల సావిట్లో పడేసిన పాత స్ప్రింగులు తుడిచి ఎక్కించి, షాక్ అబ్సార్బర్లు నాలుగూ కొత్తవి వేయించాము. స్టెప్నీ కూడా అదే సైజు. అలైన్‌మెంటు చేయించాక స్టీరింగు లాగడం మానింది.

బావకు ఇంకొక కోరిక మిగిలింది. కంప్యూటరు పెట్టి టర్బో బలం 20 శాతం పెంచుతారట. మొదటి గేరులో టైరు ఇప్పటికే ఓడిపోతున్నది గదా అన్నాను. "ఓవర్‌టేక్ చేసేది మూడో గేరులో కదరా" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. మూడో గేరులో గుణకం సుమారు 4.7, లాగుడు 3,000 న్యూటన్లకు కొంచెం తక్కువ. వానలో టైరు పట్టు 3,200 గదా, ప్రస్తుతానికి సరిపోతున్నది. 20 శాతం పెంచితే 3,570. ఆ అంకెను వాళ్ళింటి క్యాలెండరు మీద, మామ ఆసుపత్రి తేదీల పక్కన రాసి వచ్చాను. బావ ఇంకా ఏమీ తేల్చలేదు.