ఎక్కడ ఆగుతోందో ముందు చూడు

సికింద్రాబాదు

చిరంజీవి బుజ్జికి,

 

నీ ఉత్తరం అందింది. ఇంట్లో కంప్యూటర్ తెరుచుకోవడానికే పది నిమిషాలు పడుతోందనీ, మీ నాన్నగారు దాన్ని తీసేసి కొత్తది కొందామంటున్నారనీ, నువ్వు మాత్రం నీ చేత్తోనే బాగుచేయాలనుకుంటున్నావనీ రాశావు. చాలా సంతోషమేసింది. 2014లో కొన్న మిషను అది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఇంట్లో చేసుకునే పనులకు ఆ ప్రాసెసర్ ఇప్పటికీ సరిపోతుంది.

ఏ కొట్టుకు తీసుకెళ్లినా ముందు అనే మాట ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అనే. కొడతారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. అసలు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో ఎవరూ చూడకపోవడం వల్లే ఇలా అవుతుంది. కంప్యూటర్ నెమ్మదించిందంటే అందులో ఒక భాగం ఇంకో భాగం కోసం ఎదురుచూస్తోందన్నమాట. ఆ ఎదురుచూపు ఎక్కడుందో కనిపెట్టేదాకా స్క్రూడ్రైవర్ పట్టుకోకు, పైసా ఖర్చు పెట్టించకు.

ఎలా చూడాలో చెప్తాను. ఆన్ చేసి డెస్క్‌టాప్ కనబడగానే, వేరే ఏదీ తెరవకుండా, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్‌ఫార్మెన్స్ అన్నచోట సీపీయూ, మెమరీ, డిస్క్ వరసగా ఉంటాయి. కాసేపు కూర్చుని వాటినే చూడు. నా అంచనా ప్రకారం సీపీయూ చాలాభాగం ఖాళీగానే ఉంటుంది, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటుంది. ఇప్పుడు డిస్క్ మీద నొక్కి, కింద రీడ్ స్పీడ్ ఎంతుందో చూడు. చాలాసార్లు సెకనుకు ఒకటో రెండో ఎంబీలు కనిపిస్తుంది. అదే డిస్కులోంచి ఒక పెద్ద సినిమా ఫైలు కాపీ చేస్తే సెకనుకు 100 ఎంబీ దాకా ఇస్తుంది. మరి ఇంత కొంచెం పనికే నూరు శాతం ఎందుకైంది?

కాగితం తీసుకుని నాతో పాటు లెక్క వెయ్యి. ఆ డిస్కులోని పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120 చుట్లు. ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. కావలసిన ముక్క చదివే హెడ్ కిందికి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి, అది 4. అంతకుముందు హెడ్ ఆ వరస మీదికి జరగాలి, దానికి ఇంకో 8, 9. ఒక్కో ముక్కకు 12, 13 మిల్లీసెకన్లు పోతే సెకనుకు అందేది 80 ముక్కలే. విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేవన్నీ తలో మూలా ఉండే వేలకొద్దీ చిన్న ముక్కలు. ఒక్కోటీ 4 కేబీ అనుకుంటే సెకనుకు వచ్చేది 320 కేబీ! పెద్ద బట్టల కొట్లో ఒక్కడే కుర్రాడు ఒక చీర కోసం పై అంతస్తుకీ, ఇంకో చీర కోసం వెనక గోదాముకీ పరుగెడుతుంటే బేరం ఎలా సాగుతుందో ఇదీ అంతే. కుర్రాడికి క్షణం తీరిక లేదు, గల్లా దగ్గర మాత్రం పని లేదు.

హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏదీ లేదు. ఒక్కో ముక్క మిల్లీసెకనులో పదోవంతుకో, అంతకన్నా ముందే వచ్చేస్తుంది. పాత కంప్యూటర్‌కు పెట్టే ఏ ఖర్చూ దీనికి సాటి రాదని నా గట్టి నమ్మకం. రేపు మిషను మార్చినా దాన్ని విప్పి అందులో పెట్టుకోవచ్చు కాబట్టి ఆ డబ్బు ఎక్కడికీ పోదు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. ర్యామ్ చాలకపోయినా డిస్క్ 100 చూపిస్తుంది. ర్యామ్‌లో చోటు అయిపోతే విండోస్ కొంత సరుకును పేజ్ ఫైల్ పేరుతో డిస్క్ మీదికి తోస్తుంది, అవసరమైనప్పుడు మళ్లీ లాక్కుంటుంది. తప్పు ర్యామ్‌ది, కనబడేది డిస్క్ మీద. తేడా తెలియాలంటే మెమరీ అంకె చూడు. ఏమీ తెరవకముందే డిస్క్ సతమతమవుతుంటే ముఖ్యంగా డిస్క్ సంగతి చూడాలి. బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు తెరిచాకే మొదలై, మెమరీ 90 శాతం దాటి ఉంటే అది ర్యామ్ కొరత. మీ ఇంట్లో రెండూ ఉన్నాయనుకుంటున్నాను. అదే మెమరీ పేజీలో స్లాట్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని నిండాయో రాసి ఉంటుంది. ఒకటి ఖాళీగా ఉంటే ఇంకో 4 జీబీ డీడీఆర్3 పెడితే చాలు. రెండు ర్యామ్‌లూ జోడీగా పనిచేయడం అదనపు లాభం.

ఇంకో సంగతి, చాలామంది గమనించనిది. వారానికోసారి ఆదివారం మాత్రమే ఆన్ చేసే కంప్యూటర్ ఎప్పుడూ నెమ్మదిగానే కనిపిస్తుంది. వారం పాటు పోగైన అప్‌డేట్లూ, వైరస్ స్కానూ అన్నీ ఆ గంటలోనే మొదలవుతాయి మరి. మీరూ అలాగే చేస్తుంటే ఓ శనివారం రాత్రి ఆన్ చేసి రెండు గంటలు దాని మానాన వదిలేసి, ఆ తర్వాత చూసి చెప్పు.

పైసా ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అన్నచోట, ఆన్ చేయగానే తమంతట తామే లేచే ప్రోగ్రాములు ఉంటాయి. నీకు తెలిసినవి, రోజూ అక్కర్లేనివి డిసేబుల్ చెయ్యి. యాంటీవైరస్‌లు రెండు ఉంటే ఒకటి తీసెయ్యి. ‘మీ కంప్యూటర్‌ను ఒక్క క్లిక్కుతో స్పీడ్ చేస్తాం’ అనే ప్రోగ్రాముల జోలికి మాత్రం పోవద్దమ్మా. రిజిస్ట్రీ క్లీనర్లతో వేగం పెరగదు. పైగా అలాంటివే రోజూ ఆన్ చేయగానే లేచి కూర్చుని ఉన్న ర్యామ్ తింటాయి.

పెట్టె విప్పే ముందు అన్నిటికన్నా ముఖ్యమైన పని ఫొటోలు. అమ్మమ్మ షష్టిపూర్తి ఫొటోలు ఆ డిస్కులోనే ఉన్నాయని నాకు గుర్తు. అవీ, మీ నాన్నగారి కాగితాల స్కాన్లూ వేరే డిస్కులోకి కాపీ చేసి, తెరిచి చూసుకో. డిస్కులోంచి టక్కుటక్కుమని చప్పుడొస్తే ఇంకేమీ చేయకుండా ముందు ఆ కాపీ ముగించు. డీఫ్రాగ్ లాంటివి అప్పుడు అసలు వద్దు.

తరవాత కరెంటు తీగ పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని తాకి పని మొదలుపెట్టు. ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా) డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పకు. తీగ పీకేసినా లోపల కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. ప్రాసెసర్ ఫ్యాను దుమ్ము మెత్తటి బ్రష్షుతో తియ్యి, ఫ్యాను తిరగకుండా రెక్కను వేలితో పట్టుకో. దుమ్ము పేరుకుంటే ప్రాసెసర్ వేడెక్కుతుంది, వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పనిలో పనిగా మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ మార్చెయ్యి. అది అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, తేదీ తప్పితే బ్యాంకు సైట్లు తెరుచుకోవు, జనం నెట్‌ను తిట్టుకుంటారు.

బోర్డు హెచ్81 రకం అయితే, డిస్కులు తగిలించే నాలుగు సాటా పోర్టుల్లో రెండే సెకనుకు 6 గిగాబిట్లవి. ఎస్‌ఎస్‌డీని వాటిలో ఒకదానికి తగిలించు. కొత్తగా సిస్టమ్ ఎక్కించేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకి ఉంచు. లేకపోతే విండోస్ తన బూట్ ముక్కను పాత డిస్కు మీద పెట్టే అవకాశం ఉంది. ఆ తర్వాత ఎప్పుడైనా ఆ డిస్క్ తీసేస్తే కంప్యూటర్ లేవదు. పని ముగిశాక మళ్లీ తగిలించి దాన్ని ఫొటోలకు వాడుకోవచ్చు.

ఏం ఎక్కించాలన్నది మీ నాన్నగారితో మాట్లాడాల్సిన విషయం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపుగా ఎనిమిదో తరం నుంచే, మీది నాలుగోది. నన్నడిగితే లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వెయ్యమంటాను. ఉచితం, తేలిక. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ ఉంటుంది. ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ మీంచి నడిపి చూడొచ్చు. మీ నాన్నగారు టాలీలో లెక్కలు రాస్తున్నా, అను ఫాంట్లతో పేజీలు కడుతున్నా ఆ పనికి విండోస్ ఉండాల్సిందే. అప్పుడు విండోస్, మింట్ రెండూ ఎస్‌ఎస్‌డీలోనే వేరువేరు భాగాల్లో పెట్టుకుని, నెట్, బ్యాంకు పనులు మాత్రం మింట్‌లోనే చేసుకోండి.

ఇప్పుడు నువ్వు నాకు పంపాల్సినవి: ఆన్ చేశాక కనిపించిన సీపీయూ, మెమరీ, డిస్క్ అంకెలు, స్లాట్ల సంగతి, ర్యామ్ మీద స్టిక్కర్ ఫొటో. అవి వచ్చాక ఇక్కడ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ బజారుకు వెళ్లి, సరిపోయే ర్యామ్, మూడేళ్ల వారంటీ ఉన్న 256 జీబీ ఎస్‌ఎస్‌డీ బిల్లుతో సహా తీసుకుంటాను. అంతవరకూ మీ ఊళ్లో ఏమీ కొనొద్దని నాన్నగారితో చెప్పు. అమ్మకు నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ మామయ్య