కంటెయినర్ వేదిక మార్పు – అనుబంధాల పొందిక

ముద్ఖేడ్ నుండి ఆదిలాబాద్ వరకు గల మీటరుగేజి రైలుమార్గాన్ని ఈ శతాబ్దపు తొలి దశకంలో బ్రాడ్‌గేజిగా మార్చిన సంగతి మన ప్రాంతీయులు ఎరిగినదే. పట్టాల నడుమ దూరం 1000 మిల్లీమీటర్ల నుండి 1676కు పెరిగినది. పట్టాలు మారినంతనే పని ముగియదు. పాత పెట్టె ఒక్కటైనా ఆ దారిన నడవదు. కంప్యూటర్ రంగంలోనూ ఇటువంటి చిక్కు ఒకటి కలదు.

కుబెర్నెటీస్ అనగా గ్రీకు భాషలో చుక్కాని పట్టువాడు. గూగుల్ సంస్థ 2014లో వెలువరించిన ఈ సాఫ్ట్‌వేర్, కంటెయినర్లనబడే పొట్లాలలో కట్టిన ప్రోగ్రాములను అనేక యంత్రాలపై నడుపుతుంది. అయితే అది ఒంటరిగా చేయగలిగినది తక్కువ. పేర్లను చిరునామాలుగా మార్చుటకు కోర్‌డీఎన్ఎస్, యంత్రాల నడుమ దారి వేయుటకు కాలికో వంటి యాడ్-ఆన్‌లు తోడు కావలెను. వీటిలో పెక్కింటిని తయారుచేయువారు వేరు. కుబెర్నెటీస్ వెర్షన్లు ఏటా సుమారు మూడు వస్తాయి. ఒక్కొక్కదానికి సంరక్షణ దాదాపు 14 నెలలే. కావున ఇష్టమున్నా లేకున్నా మారక తప్పదు.

కొత్త వెర్షన్ కొన్ని పాత పిలుపులకు బదులు పలకదు. 2021 ఆగస్టులో వచ్చిన 1.22లో ఇన్‌గ్రెస్ పాత బీటా రూపం తొలగింపబడినది. దానిని నమ్ముకొన్న ఎన్‌జిన్‌ఎక్స్ ఇన్‌గ్రెస్ కంట్రోలరు పాత ప్రతులు అక్కడ పనిచేయలేదు. ఇది ముందుగా చాటిన మార్పే. ప్రకటన చదివినవారు బయటపడినారు.

రెడ్డిట్ సంస్థకు జరిగినది వేరు. 2023 మార్చి 14న ఒక పాత క్లస్టర్‌ను 1.23 నుండి 1.24కు మార్చగా సేవ 314 నిమిషాలు స్తంభించినది. (తేదీని, నిమిషాలను చూచి గణిత విద్యార్థులు నవ్వుకొనవచ్చును.) అదుపు యంత్రాలకు ‘మాస్టర్’ అను గుర్తు ఉండెడిది. 1.20 నుండి ‘కంట్రోల్ ప్లేన్’ అను గుర్తు దాని పక్కన చేరినది, 1.24లో పాతది తొలగినది. వారి కాలికో అమరిక మాత్రం ‘మాస్టర్’ గుర్తు గల యంత్రాలనే వెదకి, వాటి ద్వారానే దారుల సమాచారం పంచునట్లు ఎన్నడో చేతితో కూర్చబడినది. గుర్తు పోయినది, వెదకిన యంత్రం దొరకలేదు, దారులు తెగినవి. వెనుకటి వెర్షన్‌కు దిగే అధికారిక మార్గం లేనందున, దాచుకొన్న నకలు నుండి క్లస్టర్‌ను పునరుద్ధరింపవలసి వచ్చినది.

వెర్షన్ల పట్టిక మాత్రమే చూచువారికి ఇటువంటి లోపం కనబడదు. అది యాడ్-ఆన్‌లో కాక దాని అమరికలో ఉన్నది. నా దృష్టిలో పరీక్షలో కఠినమైన భాగమిదే. చేతితో కూర్చినవాటితో సహా యాడ్-ఆన్‌లన్నిటినీ వ్రాసుకొనవలెను. ఒక్కొక్కటి ఏ వెర్షన్లతో పొసగునో తయారీదారుల పట్టికలో చూడవలెను. పిదప తొలగింపుల ప్రకటనను ముందుంచుకొని అమరికలను పంక్తి పంక్తిగా చదువవలెను. అదుపు భాగాన్ని మెట్టు వెంట మెట్టుగానే ఎక్కించవలెను: 1.30 నుండి 1.32కు దూకరాదు. నకలు తీసికొనుట చాలదు, దానినుండి పునరుద్ధరించి చూడవలెను.

దీనికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. కైండ్ అను ఉచిత సాధనంతో ఒక్క కంప్యూటరుపైననే 1.21 క్లస్టర్‌ను నెలకొల్పి, బీటా రూపంలోని ఇన్‌గ్రెస్ పత్రాన్ని దానికి ఇవ్వండి, స్వీకరిస్తుంది. అదే పత్రాన్ని 1.22 క్లస్టర్‌కు ఇచ్చి, అది పలికే తిరస్కార వాక్యాన్ని మీ నోటుపుస్తకంలో వ్రాసుకొనండి.