పొలం కొనే ముందు మట్టి పిసకండి

ఈమధ్య ఉద్యోగాలు చేసుకుంటూనే నాలుగైదు ఎకరాలు కొని సేద్యం మొదలుపెడుతున్న కుర్రవాళ్లు ఎక్కువయ్యారు. మంచిదే. వ్యవసాయ శాఖలో పనిచేసి దిగిపోయినవాణ్ని కాబట్టి సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఏ పంట వేస్తే లాభం? నేను మొదట అడిగేది మీ నేల టెక్స్‌చర్ ఏమిటని. అంటే ఆ మట్టిలో ఇసుక, ఒండ్రు, బంకమన్ను ఏయే పాళ్లలో ఉన్నాయని. దానికి చాలామంది దగ్గర జవాబుండదు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు చేత్తో చూడండి.

పిడికెడు మట్టి తీసుకుని రాళ్లు, వేర్లు ఏరేయండి. కొద్దికొద్దిగా నీళ్లు చిలకరిస్తూ చపాతీ పిండిలా పిసకండి. ఉండ చేస్తే నిలవకుండా రాలిపోయిందా, అది ఇసుక నేల. నిలిస్తే ఆ ఉండను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీయండి. రెండున్నర సెంటీమీటర్ల లోపే తెగితే గరప నేల. 5 సెంటీమీటర్ల దాకా వస్తే బంక పాలు ఎక్కువున్న గరప. అంతకు మించి సాగితే అచ్చమైన బంకనేల. తర్వాత చిటికెడు మట్టిని అరచేతిలో బాగా తడిపి వేలితో రుద్దండి. గరుకుగా తగిలేది ఇసుక, నున్నగా జారేది ఒండ్రు, వేలిని పట్టుకుని వదలనిది బంక. నాలుగు పొలాల మట్టి ఇలా పిసికితే వేళ్లకు అలవాటైపోతుంది. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, చేతికి మట్టి అంటుతుందన్న మొహమాటం లేకపోతే చాలు.

2. చేతి మీద నమ్మకం లేకపోతే సీసా పెట్టండి.

పారదర్శకంగా ఉండే సీసాలో మూడో వంతు మట్టి వేసి, నిండా నీళ్లు పోసి, చిటికెడు బట్టల సబ్బు పొడి కలిపి గట్టిగా గిలకొట్టి కదలకుండా ఉంచండి. ఇసుక ఒక నిమిషంలో అడుగుకు దిగుతుంది. ఒండ్రుకు రెండు గంటలు పడుతుంది. బంక ఒక రోజైనా, ఒక్కోసారి ఇంకా ఎక్కువైనా తీసుకుంటుంది. మూడు పొరలనూ స్కేలుతో కొలిస్తే పాళ్లు తెలిసిపోతాయి.

ఇంత తేడా ఎందుకంటే, 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటర్ల దాకా ఉన్న రేణువును ఇసుక అంటారు. 0.002 కన్నా చిన్నది బంక. మధ్యలోది ఒండ్రు. నీటిలో రేణువు దిగే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుందని స్టోక్స్ అనే శాస్త్రవేత్త 1851లోనే లెక్క కట్టాడు. పది రెట్లు చిన్న రేణువు వంద రెట్లు నెమ్మదిగా దిగుతుందన్నమాట. ల్యాబుల్లో హైడ్రోమీటర్ ముంచి చూసేది కూడా ఈ లెక్కతోనే. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, చెరువు మట్టి దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

3. చల్కకు చెప్పిన సలహా రేగడికి పనికిరాదు.

పటాన్‌చెరులో 1972లో పెట్టిన వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ప్రాంగణంలో ఎర్రనేల, అంటే చల్కా ఉంది, నల్లరేగడీ ఉంది. ఒకే ఊరు, ఒకే వాన, రెండు రకాల సేద్యం. వెళ్లే వీలుంటే చూసి రండి.

నల్లరేగడిలో బంక చాలాచోట్ల 40 నుంచి 60 శాతం ఉంటుంది. ఆ బంక తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. వేసవిలో చేయి దూరేంత నెర్రెలివ్వడం అందువల్లే. వాన పడ్డాక గొర్రు దిగబడుతుంది, ఎద్దు కాలు పెట్టలేదు, ట్రాక్టరు కూరుకుపోతుంది. అందుకే కర్నూలు, నంద్యాల వైపు పెద్దలు వానాకాలం అంతా నేలను వదిలేసి, అది తాగి దాచుకున్న తేమ మీద రబీలో శనగ, జొన్న పండించేవారు. ఇక్రిశాట్ వాళ్లు దీనికి ఇంకో దారి చూపారు. మీటరున్నర వెడల్పున మడి, కాలువ వేసి, తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తడం. నిలిచే నీరు కాలువ పట్టి పోతుంది, వానాకాలం పంటా దక్కుతుంది. వాన బాగా కురిసే చోట ఇది నిజంగా మంచి పద్ధతి. అయినా ఊళ్లలోకి రావాల్సినంత రాలేదు.

ఎర్రచల్కది వేరే గొడవ. వాన పడి వెంటనే ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. సజ్జ, జొన్న వంటి సన్న మొలకలు దాన్ని చీల్చుకుని రాలేవు. విత్తనం మంచిది కాదని దుకాణదారు మీద కేకలేసే ముందు ఒకసారి పెచ్చు లేపి చూడండి, కింద మొలక వంకర తిరిగి ఉంటుంది. పైపైన దంతె తోలితే బయటికి వస్తుంది. అదే చల్కలో వేరుశనగ ఊడలు సుళువుగా దిగుతాయి, పీకితే కాయంతా చేతికొస్తుంది. గట్టి రేగడిలో సగం కాయ నేలలోనే ఉండిపోతుంది. అనంతపురంలో వేరుశనగ అంతగా పరుచుకోవడానికి వాన ఒక్కటే కారణం కాదు.

4. నీళ్లు ఎన్ని అని కాదు, ఎన్నాళ్లకోసారి అని అడగండి.

తడిసిన బంకనేల గంటకు 5 మిల్లీమీటర్ల లోపే నీరు తాగుతుంది. ఇసుక నేల 30కి పైనే తాగుతుంది. కానీ మీటరు లోతు ఇసుక పంట కోసం నిలుపుకునేది మహా అయితే 100 మిల్లీమీటర్లు, బంక అయితే 175 నుంచి 250 దాకా. కాబట్టి ఇసుకలో కొంచెం కొంచెం తరచుగా, రేగడిలో నిదానంగా ఎడమిచ్చి. పక్క పొలం డ్రిప్ టైమర్ చూసి మీది పెట్టుకోకండి.

ఇసుకను చిన్నచూపు చూడకండి. బాపట్ల తీరంలో కిందంతా ఉప్పునీరే, దాని మీద వాననీరు పలచగా తేలి ఉంటుంది. రైతులు లోతు లేని దొరువులు తవ్వి ఆ తియ్యనీటితో కూరగాయలు పండించారు. బంకనేలలో అది కుదిరే పని కాదు.

5. పాళ్లు మారవు, అమరిక మారుతుంది.

దున్నినా, దమ్ము చేసినా, ఎరువు వేసినా ఇసుక ఇసుకే, బంక బంకే. మారేది ఆ రేణువులు ఒకదానితో ఒకటి పట్టుకుని ఉండే తీరు. పశువుల ఎరువు, జీలుగ, జనుము వేసి కలియదున్నితే మట్టి గుల్లబారుతుంది. పదును దాటి తడిలో దున్నితే గడ్డ కడుతుంది. నేలనే మార్చేస్తామంటూ సీసాల్లో అమ్మే మందులకు డబ్బు తగలేయకండి.

పాళ్లను నిజంగా మార్చేది మట్టి తోలడం ఒక్కటే. 2015లో తెలంగాణలో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు మట్టి చాలా పొలాలకు చేరింది. లెక్క వేసి తోలండి. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 900 టన్నులు. ట్రాలీకి 3 టన్నుల చొప్పున 30 ట్రాలీలు తోలితే పదో వంతు అవుతుంది. రెండు ట్రాలీలు చల్లి ఫలితం లేదనుకుంటే ఎలా? ఇంకో మాట. సీసాలో చూసిన లెక్కే ఇక్కడా: వాగు చెరువులో కలిసే చోట ఇసుకే దిగుతుంది, సన్నమట్టి కట్ట దాకా వచ్చి పేరుకుంటుంది. కాబట్టి కట్ట వైపు తవ్వించండి. ట్రాలీ ఎక్కించే ముందు పిసికి చూడండి. చల్కకు, ఇసుక నేలకు ఈ సన్నమట్టి వరం. రేగడికి తోలడం దండగ.

6. కార్డులో అన్నీ ఉండవు.

2015 నుంచి ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, ఐదు సూక్ష్మపోషకాలు, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. ఉపయోగపడే కార్డే, దాచుకోండి. కానీ ఆ పన్నెండులో టెక్స్‌చర్ లేదు. కార్డు చెప్పిన యూరియా మోతాదు ఒకటే అయినా, ఇసుక నేలలో ఒక్కసారే వేస్తే నీటితో కిందికి పోతుంది. మూడు నాలుగు దఫాలుగా వేయాలి. ఆ సంగతి కార్డు చెప్పదు, మీ వేళ్లే చెప్పాలి.

7. రేగడిలో ఇల్లు కట్టేవాళ్లకు.

నేల ఉబ్బి ముడుచుకుంటే గోడ బీటలు వారుతుంది. అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదిని రూర్కీలోని భవన నిర్మాణ పరిశోధనా సంస్థ సీబీఆర్ఐ ఇలాంటి నేలల కోసమే రూపొందించింది. ఇంజనీరును అడగండి, మేస్త్రీ మాట మీద వదిలేయకండి.

8. మూడడుగులు తవ్వండి.

పైన చక్కటి గరప ఉండి అడుగున్నర కింద రాయో, గట్టి బంకపొరో తగలవచ్చు. మామిడి, బత్తాయి పెట్టదలిస్తే ఇది మరీ ముఖ్యం. చెట్టు మూడేళ్లు బాగానే పెరుగుతుంది, వేరు ఆ పొరకు తగిలాక ఎదుగుదల ఆగిపోతుంది. పొలంలో మూడు నాలుగు చోట్ల గుంటలు తీయించి అడుగుకో పిడికెడు మట్టి పిసికి చూడండి. ఖర్చు ఒక పూట కూలి. అడ్వాన్సు ఇచ్చేలోపే ఆ పని చేయించండి, గుంట తవ్వనివ్వని అమ్మకందారు దగ్గర భూమి కొనకండి.