స్వరలిపి వేరు, నాదము వేరు
(మిడి సింథసైజరును కంప్యూటరులో రికార్డు చేయు విధానము)

సంగీతము నేర్చినవారందరు ఎరిగిన విషయమొకటి కలదు. పుస్తకములోని స్వరలిపి పాట కాదు. పాడవలసిన తీరును తెలుపు సంకేతము మాత్రమే. సింథసైజరు నుండి మిడి తీగ ద్వారా కంప్యూటరునకు వచ్చునదియు ఇట్టిదే. ఏ మెట్టు నొక్కబడినది, ఎంత బలముతో నొక్కబడినది, ఎప్పుడు విడువబడినది అను సమాచారమే అందు ప్రయాణించును. శబ్దము ప్రయాణించదు.

వేర్వేరు సంస్థల వాద్యములను కలుపు ఈ ఏర్పాటును 1983 జనవరిలో అమెరికాలో బహిరంగముగా ప్రదర్శించిరి. సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600, రోలాండ్ వారి జూపిటర్-6 ఒకే తీగతో జతపడినవి. నాడు నిర్ణయించిన వేగము సెకనుకు 31,250 బిట్లు. ఒక స్వరసందేశము సుమారు ఒక మిల్లీసెకనులో గమ్యము చేరును. కావున మెట్టు నొక్కిన తరువాత శబ్దము ఆలస్యముగా వినవచ్చినచో ఆ తీగను నిందించుట న్యాయము కాదు.

ఆలస్యము పుట్టు చోటు వేరు. సింథసైజరు శబ్దము ఆడియో ఇంటర్‌ఫేసు గుండా కంప్యూటరులో ప్రవేశించి, తిరిగి హెడ్‌ఫోనుకు రావలెను. కంప్యూటరు సెకనుకు 44,100 నమూనాలు గ్రహించుచు, వాటిని బఫరు అను రాశులుగా పోగుచేయును. రాశికి 512 నమూనాలైనచో 11.6 మిల్లీసెకన్లు; రాకపోకలు రెండింటికి కనీసము 23. గాలిలో శబ్దము ఆ వ్యవధిలో దాదాపు ఎనిమిది మీటర్లు నడచును. మన పొరుగున చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో గాయకునికి ఎనిమిది మీటర్ల దూరమున మృదంగ విద్వాంసుని కూర్చుండబెట్టినచో తాళము ఏమగునో పాఠకులే ఊహింపగలరు!

వాయించునప్పుడు బఫరును 64కు తగ్గింపవచ్చును. లేదా ఇంటర్‌ఫేసు నుండియే నేరుగా వినవచ్చును. ఇది నాకు మేలుగా తోచును. అయితే అప్పుడు సాఫ్ట్‌వేరులోని మానిటరింగును ఆపవలెను, లేనిచో ఒకే శబ్దము రెండుమార్లు వినబడును. ఒక్కొక్క స్వరము జంటగా పలుకుటకు మరియొక కారణము కలదు: మెట్ల ఆజ్ఞ వాద్యము లోపలి నుండి ఒకసారి, కంప్యూటరు చుట్టి మరియొకసారి చేరుట. వాద్యములో ‘లోకల్ కంట్రోల్’ ఆపిన ఆ బాధ తీరును.

ఇక అసలు విషయము. మిడి ట్రాకు దాచుకొని, పాట భద్రమైనదని విద్యార్థులు తలంతురు. బాగ్ లింగంపల్లి కల్యాణ మండపములలో కీబోర్డు వాయించువారు చక్రమును త్రిప్పి గమకము పలికింతురు. ఉర్దూ మిత్రులు మీండ్ అనునదియు ఆ చక్రముతోనే సాధ్యము. మిడి ఆ కదలికను 16,384 మెట్లలో వ్రాయును. కాని ఆ మెట్లు ఎన్ని స్వరస్థానములకు సమానమో వాద్యమే నిర్ణయించును. రెండు అర్ధస్వరముల పరిధిలో వాయించిన సుకుమారమైన గమకమును, పన్నెండు అర్ధస్వరముల పరిధి గల వేరొక వాద్యమునకు పంపినచో అది ఊళగా మారును. వాద్యము అమ్ముడుపోయినను, చెడిపోయినను మిగులునది స్వరలిపియే.

కావున మిడి ట్రాకుతో పాటు వాద్యపు ఆడియోను కూడ వేరొక ట్రాకులో రికార్డు చేయవలెను. శిఖరస్థాయి మైనస్ 12 డెసిబెల్సు చేరువలో ఉండిన చాలును. సాఫ్ట్‌వేరు వాద్యముల పాట కొద్ది సెకన్లలోనే ఫైలుగా మారవచ్చును. బయటి వాద్యమునకు ఆ సదుపాయము లేదు. నాలుగు నిమిషముల పాట నాలుగు నిమిషములు వాయింపబడవలసినదే. నడుమ విద్యుత్తు పోయినచో, మరల పల్లవి నుండి.