జబ్బుపడిన బాతు: గుర్తించడం, చూసుకోవడం, మనం జాగ్రత్తపడడం

"సిస్టరమ్మా, ఇంటికాడ మా పెద్ద బాతు మెడ వాల్చేసిందట. సచ్చేలోపే కోసి, మా మామకు బొక్కల చారు కాసి పంపుమని చెప్పిన. తాపొచ్చునా?"

"వద్దమ్మా. ముందు ఇంటికి ఫోన్ చేసి, ఆ బాతును కొయ్యొద్దని చెప్పు. పిల్లలను దాని దగ్గరికి పోనియ్యొద్దని చెప్పు. మీ మామకు ఏం తాపాలో తర్వాత మాట్లాడుకుందాం."

పల్లెల నుండి రోగులు వచ్చే ఏ ఆసుపత్రిలోనైనా ఇటువంటి మాటలు వినిపించవచ్చు. ఆ కోడలి మనసులో చెడు ఏమీ లేదు. పెంచుకున్న పక్షి వృథా పోకూడదు, మంచం పట్టిన మామకు బలం రావాలి అన్నదే ఆమె తపన. కానీ జబ్బుపడిన పక్షిని కోయడం వల్ల ఇంట్లో ఉన్నవారికి, ఆసుపత్రిలో ఉన్న రోగికి కూడా ప్రమాదం రావచ్చు. అందుకే ఈ పాఠంలో మూడు సంగతులు నేర్చుకుందాం. బాతు జబ్బును ఎలా గుర్తించాలి? దానిని ఎలా చూసుకోవాలి? మనల్ని మనం ఎలా కాపాడుకోవాలి?

ఆరోగ్యంగా ఉన్న బాతు ఎలా ఉంటుంది?

జబ్బును గుర్తించాలంటే ముందు ఆరోగ్యం తెలియాలి. మంచి బాతు మందతో కలిసి తిరుగుతుంది. మేత వేయగానే పరుగెత్తి వస్తుంది. కళ్లు మెరుస్తూ, తడి కారకుండా ఉంటాయి. ఈకలు నున్నగా ఉండి, నీళ్లు పడితే జారిపోతాయి.

బాతు ఒళ్లు మన ఒంటికంటే ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. దాని మామూలు ఉష్ణోగ్రతే సుమారు 107 డిగ్రీల ఫారన్‌హీట్. కాబట్టి ఒళ్లు కాలుతోందని చెయ్యి పెట్టి చూసి జ్వరం అనుకోకండి. దాని నడక, మేత, రెట్ట చూసి తెలుసుకోవాలి.

రోజూ ఉదయం గూడు తెరిచేటప్పుడు ఒక్క నిమిషం నిలబడి చూడండి. అన్నింటికంటే చివర బయటికి వచ్చినది ఏది? అసలు బయటికి రానిది ఏది? సగం జబ్బులు ఇక్కడే తెలిసిపోతాయి.

లక్షణాలు ఏమి చెబుతాయి?

ఒకే లక్షణం అనేక జబ్బుల్లో కనబడుతుంది. కాబట్టి కింద చెప్పినవి అనుమానానికే గాని నిర్ధారణకు కాదు. నిర్ధారించవలసినది పశువైద్యుడే.

1. పెద్ద బాతులు ఒకదాని వెంట ఒకటి అకస్మాత్తుగా చనిపోవడం, రెక్కలు వాల్చడం, కంటి రెప్పలు అతుక్కుపోవడం, వెలుతురు చూడలేకపోవడం, విపరీతమైన దాహం, నీళ్లవలె లేదా రక్తంతో కూడిన రెట్ట: ఇది బాతుల ప్లేగు కావచ్చు. ఇది వైరస్ వల్ల వస్తుంది. వచ్చాక మందు లేదు, రాకుండా టీకా ఉంది. పేరు ప్లేగు అయినా, మనుషులకు వచ్చే ప్లేగుకూ దీనికీ సంబంధం లేదు.

2. ఆకుపచ్చ లేదా పసుపు రంగు విరేచనాలు, మేత మానడం, కీళ్ల వాపు, ఆకస్మిక మరణాలు: బాతుల కలరా కావచ్చు. ఇది బాక్టీరియా వల్ల వస్తుంది. త్వరగా చూపిస్తే పశువైద్యుడు ఇచ్చే మందులతో కొన్నింటిని బతికించుకోవచ్చు.

3. కొద్ది వారాల వయసున్న పిల్లలు పక్కకు పడి, కాళ్లు కొట్టుకుంటూ, తల వెనక్కి విరిచి గంటల్లో చనిపోవడం: బాతు పిల్లలకు వచ్చే కాలేయపు జబ్బు కావచ్చు.

4. మొదట కాళ్లు, తర్వాత రెక్కలు, చివరకు మెడ పట్టు తప్పి వాలిపోవడం: బొటులిజం అనే విషప్రభావం కావచ్చు. ఎండాకాలంలో చెరువులు, కుంటలు ఇంకిపోయి, చచ్చిన చేపలు, జంతువులు కుళ్లినచోట ఈ విషం పుడుతుంది. అక్కడి పురుగులను తిన్న బాతుకు ఇది వస్తుంది.

5. మేత సరిగా తినక చిక్కిపోవడం, పిల్లలు ఎదగకపోవడం, గుడ్లు తగ్గడం: బూజు పట్టిన మేత కారణం కావచ్చు. తడిసిన మక్కలు, పల్లి చెక్క, నూకలలో పెరిగే బూజు నుండి అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టి కాలేయాన్ని పాడుచేస్తుంది. ఈ విషానికి కోళ్లకంటే బాతులు త్వరగా దెబ్బతింటాయి.

6. పొలం నుండి వచ్చిన కొద్దిసేపటికే నోటి వెంట చొంగ, వణుకు, కొట్టుకోవడం: పురుగు మందు విషం కావచ్చు. మన జిల్లాలో పత్తికి మందు కొట్టని ఇల్లు అరుదు. వరి మడిలో గుళికలు చల్లుతారు. ఆ రోజుల్లో బాతులను మడిలోకి వదలకండి.

7. బాతు పిల్లల కాళ్లు వంకరపోవడం, నడవలేకపోవడం: నియాసిన్ అనే విటమిన్ లోపం కావచ్చు. కోడిపిల్లల కంటే బాతు పిల్లలకు ఇది ఎక్కువ కావాలి. కోడిపిల్లల మేత ఒక్కటే పెట్టి పెంచినప్పుడు ఈ లోపం రావచ్చు.

8. కుంటుతూ నడవడం, అరికాలిలో వాపు, నడుమ నల్లని పక్కు: గట్టి నేల మీద, రాళ్ల మీద తిరగడం వల్ల పుండుపడి చీము పట్టి ఉండవచ్చు.

పశువైద్యునికి ఏమి చెప్పాలి?

మన ఆసుపత్రిలో డాక్టరుగారు మిమ్మల్ని ఎన్నో ప్రశ్నలు అడుగుతారు కదా. పక్షికి నోరు లేదు కాబట్టి దాని తరఫున మీరే చెప్పాలి. ఇంట్లో ఎన్ని పక్షులు ఉన్నాయి, ఎన్ని జబ్బుపడ్డాయి, ఎన్ని చనిపోయాయి? మొదట ఏ రోజు గమనించారు? ఏమి మేత పెట్టారు, ఎక్కడ తిరిగాయి? దగ్గరలో మందు కొట్టారా? ఈమధ్య సంత నుండి కొత్త పక్షిని తెచ్చారా? రెట్ట ఏ రంగులో ఉంది? టీకాలు వేయించారా? ఇవి కాగితం మీద రాసుకుని వెళ్లండి.

మీ మండలంలోని పశువైద్యశాలకు ముందుగా చెప్పండి. 2017లో మన రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య సేవకు 1962 నంబరుకు ఫోన్ చేసి చూడవచ్చు. వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నది.

ఒక్క బాతు జబ్బుపడితే ఇంట్లో చేయవలసినవి

1. వెంటనే మిగతావాటి నుండి వేరు చేయండి. గాలి వచ్చే నీడపట్టున, పొడి వరిగడ్డి లేదా ఊక పరచి ఉంచండి. తడి పరుపు మీద ఉంచకండి.

2. తాగడానికి శుభ్రమైన నీళ్లు పెట్టండి. ముక్కురంధ్రాలు, కళ్లు కడుక్కోగలిగేంత లోతు ఉన్న గిన్నె చాలు. నీరసంగా ఉన్న బాతును కుంటలోకి వదలకండి. ఈతకు పుట్టిన పక్షి అయినా, సత్తువ లేనప్పుడు మునిగిపోతుంది.

3. నానబెట్టిన నూకలు, బూజు లేని తవుడు, తరిగిన ఆకుకూర కొద్దికొద్దిగా పెట్టండి. మిగిలిన మేతను ఆ పూటే తీసివేయండి.

4. మెడ వాలిన బాతు నోట్లో నీళ్లు పోయకండి. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి అప్పుడే ప్రాణం పోవచ్చు.

5. ముందు మంచి పక్షులకు మేత వేసి, చివరకు జబ్బు పక్షి దగ్గరికి వెళ్లండి. ఒక్కరే ఆ పని చూడాలి. ముక్కుకు, నోటికి గుడ్డ లేదా మాస్కు, చేతులకు తొడుగులు వాడండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ చెప్పులు ఇంట్లోకి తేకండి.

6. మనుషులకు రాసిచ్చి మిగిలిపోయిన మాత్రలను బాతుకు వేయకండి. జబ్బు వైరస్‌దైతే ఆంటీబయాటిక్ పనిచేయదు. విషమైతే అసలే పనిచేయదు. పైగా ఆ మందు గుడ్డులోకి, మాంసంలోకి దిగుతుంది. పశువైద్యుడు మందు ఇచ్చినప్పుడు, ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో కూడా అడగండి.

బర్డ్ ఫ్లూ గురించి భయం వద్దు, నిర్లక్ష్యం వద్దు

మన దేశంలో కోళ్లలో బర్డ్ ఫ్లూ మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ పక్కన హయత్‌నగర్ మండలం తొర్రూరులో వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో కోళ్లఫారాల్లో కనబడింది.

అదే సంవత్సరం మార్చి 16న, పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. ఆమెకు సోకినది హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షలో తేలింది. కూర కోసం కోస్తున్న పచ్చి కోడిమాంసం ముక్కను పాప తిన్నదని కుటుంబసభ్యులు చెప్పినట్లు వార్తల్లో వచ్చింది. ఇటువంటి మరణాలు మన దేశంలో చాలా అరుదు. అయినా పచ్చి మాంసం కోసేచోట పసిపిల్లలను కూర్చోబెట్టకూడదని ఆ పాప మరణం మనందరికీ గుర్తు చేస్తున్నది.

బాతుల విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. బర్డ్ ఫ్లూ సోకిన కోళ్లు సాధారణంగా త్వరగా చనిపోతాయి. కానీ కొన్ని బాతులు జబ్బు కనబడకుండానే తిరుగుతూ రెట్ట ద్వారా వైరస్‌ను వదులుతాయి. చలికాలంలో మన చెరువులకు వలస వచ్చే అడవి బాతులతో, ఊరూరా మేపుకుంటూ వచ్చే మందలతో పెరటి బాతులు కలిసినప్పుడు అంటు చేరే అవకాశం ఉంటుంది. అందుకని బాతులనూ కోళ్లనూ ఒకే గూటిలో ఉంచకండి.

ఒకేసారి అనేక పక్షులు చనిపోతే, తల వంకర తిరిగి వణుకుతూ ఉంటే, వాటిని ముట్టుకోకండి, అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి. పశువైద్యశాలకు కబురు చేయండి. నమూనాలను భోపాల్‌లోని ఉన్నత భద్రత గల ప్రయోగశాలలో పరీక్షించి నిర్ధారిస్తారు. బర్డ్ ఫ్లూ తేలి ప్రభుత్వమే పక్షులను చంపించవలసి వస్తే నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటు ఉన్నది. కాబట్టి దాచిపెట్టవలసిన పని లేదు.

చనిపోయిన బాతును ఏమి చేయాలి?

చెరువులో, కాలువలో పారవేయకండి. కుక్కలకు వేయకండి. పశువైద్యుడు పరీక్షకు అడగకపోతే, బావికీ చెరువుకూ దూరంగా కనీసం మూడు అడుగుల గుంట తీసి, కింద పైన సున్నం చల్లి పూడ్చండి. గూటిలోని పాత గడ్డి కూడా అందులోనే వేయండి. గూడును సబ్బునీళ్లతో కడిగి, బ్లీచింగ్ పౌడర్ నీళ్లు చల్లి, ఎండనివ్వండి.

ఇంట్లో రోగి ఉంటే

ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినవారు, బాలింతలు, గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, ముసలివారు, చక్కెర వ్యాధి లేదా క్యాన్సర్‌కు మందులు వాడుతున్నవారు బాతుల గూడు శుభ్రం చేయకూడదు. ఆరోగ్యంగా కనబడే బాతు కూడా సాల్మొనెల్లా అనే క్రిమిని మోయవచ్చు. అది మనుషులకు జ్వరం, విరేచనాలు తెస్తుంది. బాతు గుడ్డును పచ్చసొన పూర్తిగా గట్టిపడేవరకు ఉడికించండి. బలమని పచ్చి గుడ్డు తాగించకండి. ఆరోగ్యంగా ఉన్న పక్షి మాంసాన్ని కూడా లోపల ఎరుపు లేకుండా బాగా ఉడికించాలి. 70 డిగ్రీల సెల్సియస్ వేడి మాంసం అంతటికీ చేరితే బర్డ్ ఫ్లూ వైరస్ చనిపోతుంది.

అయితే బాగా ఉడికించిన చారు ఎందుకు వద్దన్నాము? ప్రమాదం గిన్నెలోకంటే ముందు పీట మీద ఉన్నది. కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు, పేగులు తీసేటప్పుడు రక్తం, రెట్ట చేతులకు, కంటికి, పక్కన ఆడుకునే పిల్లలకు తగులుతాయి. ఇక బాతు చనిపోతున్నది విషం వల్ల అయితే, ఆ విషం ఉడికించినంత మాత్రాన పోతుందన్న నమ్మకం లేదు.

జబ్బు పక్షిని ముట్టుకున్నవారికి పది రోజులలోపు జ్వరం, దగ్గు, గొంతునొప్పి, కళ్లు ఎర్రబడడం, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి రండి. "మా ఇంట్లో బాతులు చచ్చిపోయినయ్" అన్న మాట డాక్టరుగారితో మొదటే చెప్పండి. ఆ ఒక్క మాటతో సరైన పరీక్ష, సరైన మందు త్వరగా అందుతాయి.

రాకుండా చూసుకోవడం

బాతుల ప్లేగు టీకాను సాధారణంగా 8 నుంచి 12 వారాల వయసులో, తర్వాత ఏటా వేస్తారు. మీ పశువైద్యుని అడిగి వేయించండి. కొత్తగా తెచ్చిన పక్షిని రెండు మూడు వారాలు వేరుగా ఉంచాకే మందలో కలపండి. మేతను పొడి డబ్బాలో దాచండి. తాగే నీళ్లు రోజూ మార్చండి. పెరట్లో మేకులు, తీగ ముక్కలు ఏరివేయండి. బాతులు వాటిని మింగుతాయి.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

1. మా ఇంట్లో బాతులు, కోళ్లు ఒకే గూటిలో ఉన్నాయా?
2. గూడు శుభ్రం చేసేది ఎవరు? వారి ఆరోగ్యం ఎలా ఉంది?
3. మా పశువైద్యశాల ఫోన్ నంబరు ఇంట్లో రాసి ఉందా?
4. "సచ్చేలోపే కోసేద్దాం" అని ఎవరైనా అంటే నేను ఏమని జవాబిస్తాను?

మొదట్లో ప్రశ్న అడిగిన కోడలివంటి వారికి మా మాట ఇదే. మీ మామకు బలం కావాలంటే పప్పు, పెరుగు, బాగా ఉడికిన కోడిగుడ్డు, ఆకుకూర చాలు. ఆయన జబ్బును బట్టి ఏది ఎంత పెట్టాలో మీ వార్డు సిస్టర్‌ను అడగండి. ఒక బాతు పోతే మళ్లీ పెంచుకోవచ్చు. దానిని కోయబోయి ఇంకొకరు మంచం పట్టకుండా చూసుకోండి.