అక్కకు ఆ జన్యువు ఉందట... మరి నాకు?

సందేహం: అమ్మకు అల్జీమర్స్. అమెరికాలో ఉన్న అక్క ఈమధ్య కిట్ తెప్పించుకుని ఉమ్మి పరీక్ష చేయించుకుంటే ఏపీవోఈ4 ఒకటి ఉందని వచ్చింది. అప్పట్నుంచి ఫోన్ చేస్తే ఏడుపే. నాకు 46. నేనూ చేయించుకోవాలా డాక్టరు గారూ?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: ముందు అక్కకు ధైర్యం చెప్పండమ్మా. ఏపీవోఈ జన్యువు అందరికీ ఉండేదే. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. కొలెస్ట్రాల్‌ను మోసే ప్రొటీన్ దీనివల్లే తయారవుతుంది. ఇందులో 2, 3, 4 అని మూడు రకాలు. ఎక్కువమందికి ఉండేది 3. నాలుగో రకం ఉన్న మెదడు అమిలాయిడ్ అనే చెత్తను ఊడ్చుకోవడంలో వెనకబడుతుంది. ఆ చెత్తే పేరుకుని ముద్ద కడుతుంది. ఈ నాలుగో రకానికీ అల్జీమర్స్‌కూ లంకె ఉందని 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు బయటపెట్టారు.

4 ఒకటి ఉంటే ముప్పు సుమారు 3 రెట్లు, రెండూ అవే అయితే 8 నుంచి 12 రెట్లు అంటారు. ఇవి ఎక్కువగా ఐరోపా మూలాల వారిని చూసి వేసిన లెక్కలు. అదీగాక, ఒకటి ఉండీ జబ్బు రానివాళ్లున్నారు, అసలు లేకుండా వచ్చినవాళ్లూ ఉన్నారు. డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టినవారిలో ఒకడైన వాట్సనే తన జన్యుపటమంతా లోకం ముందు పెట్టి, ఈ ఒక్క జన్యువు వివరం మాత్రం దాచమన్నాడు. తెలుసుకుని చేయగలిగింది లేదనుకున్నప్పుడు అది పిరికితనమని నేననను.

ఏ ఇబ్బందీ లేని మీకు నేనైతే ఈ పరీక్ష రాయను. ముప్పు తగ్గించుకోవాలంటే బీపీ, షుగర్ చూపించుకోండి. వినికిడి తగ్గితే మిషన్ పెట్టుకోవడానికి మొహమాటపడకండి. ఇంకో ముచ్చట: హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో చెప్పారు. చదువు రానివారిలోనూ ఆ తేడా కనిపించింది.

సందేహం: నాన్నగారికి 71. అల్జీమర్స్ మొదటి దశలోనే ఉందన్నారు. కొత్త ఇంజెక్షన్లతో నయమవుతుందా?
- ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: నయం కాదు, నెమ్మదిస్తుంది. లెకానెమాబ్‌కు 2023లో, డోనానెమాబ్‌కు 2024లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. రెండూ అమిలాయిడ్‌ను తొలగించేవే. లెకానెమాబ్ 18 నెలల్లో మెదడు పనితీరు క్షీణించే వేగాన్ని 27 శాతం తగ్గించింది. ఇంట్లోవాళ్ల కంటికి ఆ తేడా ఆనుతుందా అన్నది వైద్యుల్లోనే తెగని వాదన.

పైన ఖమ్మం పాఠకురాలికి వద్దన్న జన్యు పరీక్ష మీ నాన్నగారికి మాత్రం కావాలి. లెకానెమాబ్‌తో మెదడులో వాపు, కొందరిలో రక్తస్రావం రావచ్చు. 4 లేనివారిలో వాపు వందకు 5 మందిలో కనిపిస్తే, రెండూ 4 ఉన్నవారిలో మూడో వంతు మందిలో కనిపించింది. చాలామందికి లక్షణాలేవీ ఉండవు, ఎంఆర్ఐలోనే బయటపడుతుంది. కొద్దిమందికి ప్రాణం మీదికొస్తుంది. అందుకే బ్రిటన్ రెండు 4లు ఉన్నవారికి ఈ మందు వాడవద్దంది. అలాంటివారి మెదడుకు 2వ రకం జన్యువును అందించే ప్రయత్నాలు ఇంకా తొలి దశలోనే ఉన్నాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నాన్నగారి మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ మాట అన్నిటికంటే ముందు చెప్పండి.