ఇద్దరు వైద్యుల క్లినిక్‌లు ఒక్కటైనప్పుడు

తిరుమంగళం వంటి పట్టణంలో ఏళ్ల తరబడి ఒకే వైద్యుని నమ్ముకున్న కుటుంబాలు అనేకం. ఆ వైద్యుడు మరొకరితో కలిసి ఒకే క్లినిక్ నడపదలచినప్పుడు చిరునామా, వేళలు, కొన్నిసార్లు చూసే వైద్యుడు కూడా మారవచ్చు. మీ చికిత్స వివరాలపై మీకున్న హక్కు మాత్రం మారదు.

భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుండి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి కోరితే 72 గంటలలోగా అందజేయాలి. ఈ 3 సంవత్సరాల నియమం చేరిన రోగులకే వర్తిస్తుంది. కనుక రోజువారీ మందుల చీటీలను, పరీక్షల ఫలితాలను మీరే దాచుకోవాలి.

కొత్త వైద్యుని తొలిసారి కలిసినప్పుడు వాడుతున్న మందులను చూపండి. పడని మందుల పేర్లు తప్పక చెప్పండి. తమిళంలో బాధను వివరించలేని పెద్దలకు ఒకరు తోడు వెళ్లడం మేలు.